డబ్బా లేని ట్యూబు

మొటిమలకు మందు కొనడానికి వచ్చినవాళ్ళెవరూ మొటిమలు అన్న మాట నోటితో అనరు. నలభై ఏళ్ళు మందుల షాపు కౌంటరు వెనక నిలబడ్డవాణ్ణి, నా మాట నమ్మండి. విరేచనాలైతే విరేచనాలని చెబుతారు. మూలశంక అయితే గొంతు తగ్గించైనా చెబుతారు. మొటిమల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ముఖానికి" అంటారు, అక్కడితో ఆగిపోతారు. అది కూడా పక్కన ఎవరూ లేనప్పుడే. దిల్‌సుఖ్‌నగర్‌లో మా షాపుకు ఎదురుగా మెట్రో స్తంభం ఒకటుంది. హాస్టలు పిల్లలు దాని పక్కన నిలబడి, ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తూ, కౌంటరు ఖాళీ అయ్యేదాకా కాచుకునేవాళ్ళు. ఎవరు తలనొప్పి బిళ్ళకు వచ్చారో, ఎవరు ముఖానికి వచ్చారో వాళ్ళు రోడ్డు అవతల ఉండగానే చెప్పేవాణ్ణి. రెండో రకం వాళ్ళ చెయ్యి ఎప్పుడూ చెంప మీదే ఉండేది.

అసలు నోరు విప్పకుండా కొనే పద్ధతి ఇంకోటి ఉండేది. నొక్కి నొక్కి, చుట్టచుట్టి, రేకులా పల్చబడిన ఖాళీ ట్యూబును కాగితంలో పెట్టి తెచ్చేవాళ్ళు. "గిదే ఇయ్యండి" అంటే సరిపోయేది. పేరు పలకక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు. అలాంటి ఒక ఖాళీ ట్యూబు హాస్టల్లో ఈ గది నుంచి ఆ గదికి డాక్టరు చీటీలా తిరిగేది. ఒకరికి తగ్గిందంటే ఇక ఆ అంతస్తంతా అదే పూసుకునేది.

నేను ఏడో తరగతితో బడి వదిలేసినవాణ్ణి. మూసారాంబాగ్‌లో ఒక చిన్న దవాఖానలో సీసాలు కడగడంతో మొదలుపెట్టి కౌంటరు దాకా వచ్చాను. మందు డబ్బాలో మడతలు మడతలుగా పెట్టే సన్నటి కాగితం ఉంటుంది చూడండి, అదే నా బడి. పాత పుస్తకాల దుకాణంలో కొన్న నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో కాగితం మూడు రోజులు, నాలుగు రోజులు చదివేవాణ్ణి. నాకు వచ్చిన ఇంగ్లీషంతా అలా వచ్చిందే. అందుకే ఇప్పటికీ నాకు ఎవరితోనైనా "బాగున్నారా" అని ఇంగ్లీషులో అడగడం రాదు గానీ, ఏ మందు ఏ మందుతో కలిస్తే కాలేయం చెడుతుందో చెప్పమంటే గడగడా చెబుతాను. ఇప్పుడు ఫార్మసీ చదివి వచ్చే పిల్లలారా, మీ మీద నాకు కోపం ఉందంటే అది దీని గురించే. నేను అడుక్కుని చదివిన కాగితాన్ని మీరు విప్పకుండా బుట్టలో వేస్తారు.

ఆ మాట అనే అర్హత నాకుందా అంటే లేదు. అది చెప్పడానికే ఇదంతా.

మా షాపులో ఒక అలవాటు ఉండేది. ముఖానికి రాసే ట్యూబులు బాగా పోయేవి కాబట్టి, పొద్దున షట్టరు ఎత్తగానే వాటిని డబ్బాల్లోంచి తీసి, చేతికందే సొరుగులో వరుసగా పేర్చేవాళ్ళం. డబ్బాలూ, లోపలి కాగితాలూ పాత అట్టపెట్టెలోకి పోయేవి. సొరుగులో చోటు కలిసొచ్చేది, రద్దీలో చెయ్యి తొందరగా ఆడేది. ఆ డబ్బాలు విప్పే పని నాది. అంటే షాపు మొత్తంలో ఆ కాగితం చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. పారేసినవాణ్ణీ నేనే.

అందరూ అడిగే ఆ ట్యూబు మొటిమల మందు కాదు. స్టెరాయిడు కలిసిన పూత మందు. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదని దాని మీద ఎర్ర గీత ఉంటుంది. ముఖానికి రోజుల తరబడి రాయకూడదని కాగితంలో ఉంటుంది. కానీ రాసిన మూడో రోజుకే ఎరుపు దిగిపోతుంది, ముఖం తేటబడుతుంది, రంగు కూడా తేలినట్టు కనిపిస్తుంది. అసలైన మొటిమల మందు మూడు నెలలు పని చేస్తే గానీ ఫలితం చూపదు. మూడు నెలలు ఆగే ఓపిక ఎవరికుంది? ఫోను తెరిస్తే ఒకామె ముఖానికి నిమ్మకాయ రుద్దుకోమంటుంది, ఇంకొకామె పళ్ళు తోముకునే పేస్టు పెట్టుకోమంటుంది. ఇంట్లో చెబితే పెళ్ళయితే అవే తగ్గుతాయంటారు. పెళ్ళి చర్మానికి పూసే మందా? ఇన్ని అబద్ధాల మధ్య మూడు రోజుల్లో తగ్గించే ట్యూబు నిజంలా కనబడేది.

నా పక్క కౌంటర్లో కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒకాయన ఉండేవాడు. ఇరవై ఏళ్ళు పక్కపక్కన పని చేశాం. నాకంటే చిన్నవాడు, మనసు మంచిదే గానీ ఎప్పుడూ ఎగతాళి. నేను కాగితం చదువుతుంటే, "గురువుగారూ, మీరు వేదం చదువుకోండి, నేను బిల్లు కొట్టుకుంటాను. జనానికి కావాల్సింది ఇవ్వడమే కదండీ మన పని" అనేవాడు. నేను నవ్వేసేవాణ్ణి. నలభై ఏళ్ళలో ఎక్కువ తప్పులు నేను నవ్వేసే చేశాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నా చెంపల నిండా గుంటలు. పదహారో ఏట మొదలై ఇరవై అయిదు దాకా మొటిమలు నన్ను వదల్లేదు. గిల్లడం, సున్నం రాయడం, ఎవరేం చెబితే అది చేశాను. పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు పిల్ల మేనమామ మా నాన్నను అడిగాడు, "పిలగానికి అమ్మవారు పోసిందా ఏంది?" అని. కాదు, మొటిమలు అని మా నాన్న చెప్పలేకపోయాడు, ఔనన్నాడు. ఆ సంబంధం పోయింది. ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. ఆ తర్వాత ఎవరూ రాలేదు, నేనూ ఎక్కడికీ వెళ్ళలేదు. మన్సూరాబాద్‌లో ఒక గది కిరాయికి తీసుకుని అందులోనే ఉండిపోయాను. పొద్దున షాపుకు పోతే "ఏమండీ", "అంకుల్", "పెద్దాయనా" అని రోజంతా ఎవరో ఒకరు పిలిచేవాళ్ళు. సాయంత్రం గదికి వస్తే పిలిచేవాళ్ళు లేరు. కాబట్టి షాపే నాకు ఇల్లు.

ఆ పిల్ల మొదటిసారి వచ్చింది కరోనా మాస్కులు అందరూ తీసేసిన తర్వాత. మధ్యాహ్నం రెండు దాటింది, కౌంటరు ఖాళీ. చున్నీ చెంపల మీదికి లాక్కుని నిలబడింది.

"అంకుల్, మొఖానికి..."

"ఎన్ని రోజుల సంది ఉన్నయ్?"

"ఇంటర్ల మొదలైనయ్. గిప్పుడు శానా ఎక్కువైనయ్. ఆదివారం వరకు తగ్గాలె."

"ఆదివారం ఏముంది బిడ్డా, పెండ్లా?"

"పెండ్లయితే ఏం ఫికరుండె? మొఖం మీద ఇంత మందం మేకప్ కొడ్తరు. ఫొటో దిగాలె అంకుల్. పోలీసు ఉద్యోగానికి అప్లికేషన్ పెడుతున్న."

నాకు నవ్వొచ్చింది. ఆ పిల్లా నవ్వింది, నవ్వగానే చెయ్యి మళ్ళీ చెంప మీదికి పోయింది. మాటల్లో తెలిసింది, తుర్కయంజాల్ దాటి లోపలికి వెళితే వాళ్ళ ఊరు. తండ్రి ఒకప్పుడు తాను అమ్ముకున్న చేన్లోనే లేచిన ప్లాట్ల వెంచరుకు కాపలా ఉంటాడు. ఈ పిల్ల హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటోంది, పొద్దున గ్రౌండులో పరుగు, తర్వాత క్లాసులు.

నేను సొరుగు తెరిచాను. డబ్బా లేని ట్యూబు తీసి ఇచ్చాను. "పొద్దున, సాయంత్రం పల్చగ రాయి" అన్నాను. ఎప్పుడు ఆపాలో చెప్పలేదు. నాకు తెలుసు, నాలుక చివర ఉంది. ఆ ముఖంలో ఆదివారం మీద ఉన్న ఆశ చూశాక చెప్పబుద్ధి కాలేదు. దయతో ఇచ్చాననుకున్నాను. దయ కూడా కాగితం పారేసి ఇస్తే అంతే.

సోమవారం వచ్చి ఫొటో చూపించింది. చెంపలు నున్నగా, తేటగా ఉన్నాయి.

"ఎట్లుంది అంకుల్?"

"ఇన్‌స్పెక్టర్ లెక్క ఉన్నవ్ పో."

"గంత దూరం వొద్దు, కానిస్టేబుల్ అయితె సాలు" అంది. ఆ రోజు చెయ్యి చెంప మీదికి పోలేదు. నేను రోజంతా సంతోషంగా ఉన్నాను. ఇది కూడా దాచను.

తర్వాత నెలలు గడిచాయి. తను రాకపోయినా ఖాళీ ట్యూబులు వస్తూనే ఉన్నాయి, స్నేహితురాళ్ళ చేతుల్లో. నా చేత్తో కొన్ని ఇచ్చాను, మా కోస్తా ఆయన కొన్ని ఇచ్చాడు. ఏ ట్యూబు ఎవరి ముఖానికో ఎవరు అడుగుతారు?

మళ్ళీ ఒక మధ్యాహ్నం మాస్కు పెట్టుకుని ఒక పిల్ల స్తంభం పక్కన చాలాసేపు నిలబడింది. కరోనా పోయి అంతకాలమయ్యాక మాస్కేమిటా అనుకున్నాను. కౌంటరు ఖాళీ కాగానే వచ్చి, అటూ ఇటూ చూసి, మాస్కు కిందికి లాగింది. నేను చూసింది ముఖం అని చెప్పలేను. చెంపలు ఎర్రగా, పల్చగా, సన్నటి నరాలు తేలి, వాటి మీద చీము తలలు. గడ్డం మీద నూగు దట్టంగా మొలిచింది. కళ్ళను బట్టి గుర్తుపట్టాను.

"ఆపంగనె అగ్గి లేస్తాంది అంకుల్. మళ్ల రాస్తె జర సల్లవడ్తది. ఎండల ఉరుకుతాంటె సూదులు గుచ్చినట్టె."

"మాస్కు పెట్టుకునే ఉరుకుతున్నవా?"

"తీస్తె అందరు సూస్తరు. పెట్టుకుంటె ఊపిరాడ్తలేదు. సగం దూరంల కూలవడ్తున్న." అప్పుడు అసలు సంగతి చెప్పింది. "పరుగు పరీక్షకు ఇంక ఐదు నెల్లుంది. గా దినం హాల్ టికెట్ మీది ఫొటో సూసి లోపలికి పంపుతరట. గా ఫొటోల ఉన్నది నేను కాదంటరు అంకుల్. నాకే నేను కానట్టు కనవడ్తున్న."

ఆ ఫొటో నా ట్యూబు దింపిన ఫొటో. ఆ ముఖం మూడు రోజుల ముఖం. దాన్ని చూపించి ఇప్పుడు తనను తాను నిరూపించుకోవాలి, మాస్కు లేకుండా, అంతమంది ముందు.

మర్నాడు నాకు సెలవు. ఎల్.బి.నగర్‌లో ఒక చర్మ వైద్యురాలు ఉందని తెలుసు, ఆమె రాసిన చీటీలు మా కౌంటరుకు వచ్చేవి. తక్కువ మందులు రాసేది, కాబట్టి మా షాపులో ఆమెకు పేరు లేదు. మెట్రోలో వెళ్ళాం. పిల్ల తలుపు పక్కన, ఎవరికీ ఎదురుగా లేకుండా, అద్దం వైపు తిరిగి నిలబడింది. అద్దంలో తన మాస్కు కనిపించగానే కళ్ళు దించుకుంది. నాకు నా పదహారో ఏడు గుర్తొచ్చింది.

డాక్టరమ్మ భూతద్దం పెట్టి చూసింది. "ఎన్నాళ్ళుగా రాస్తున్నావమ్మా?" అని అడిగి, ట్యూబు పేరు తనే చెప్పింది. రోజూ పదిమంది ఇలాగే వస్తారట. తర్వాత గొంతు గట్టి పడింది. "ఎవరిచ్చారు నీకిది?"

నేను పక్క కుర్చీలో ఉన్నాను. నోరు తెరవాల్సిన క్షణం అదే. పిల్ల నా వైపు చూడలేదు.

"మా ఊర్ల మెడికల్ షాపుల ఇచ్చిన్రు మేడం."

"ఇచ్చినవాడికి చదువు వచ్చో రాదో. మీరేమవుతారండీ ఈ అమ్మాయికి?"

"మా తాత" అంది పిల్ల.

ఒక్క ఊపిరిలో నన్ను నిర్దోషినీ చేసింది, తాతనూ చేసింది. నన్ను అప్పటిదాకా ఎవరూ తాత అనలేదు. ఆ మాట చెవిలో పడ్డాక ఇంక నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఔనండీ" అన్నాను.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. ఆ ట్యూబు ఇక ముట్టుకోకూడదు. కొన్నాళ్ళు బిళ్ళలు, ఎండకు పూత, మెత్తటి తేమ మందు. గిల్లొద్దు, రుద్దొద్దు, వంటింటి సామాను ముఖానికి తేవొద్దు. చర్మం కుదుటపడ్డాకే అసలైన మొటిమల మందు, అదీ శనగగింజంత. "రెండు నెలలు ఇప్పటికంటే ఘోరంగా ఉంటుంది. నా మందు పని చెయ్యట్లేదని కాదు, పాత మందు వదులుతోందని అర్థం. అప్పుడే అందరూ మళ్ళీ ఆ ట్యూబు కొనుక్కుంటారు. నువ్వు కొనకు" అంది. నా వైపు తిరిగి, "తాతగారూ, మీరు కాపలా ఉండాలి" అంది.

ఉన్నాను. వారానికి రెండుసార్లు, మధ్యాహ్నం రెండింటికి వచ్చేది. కౌంటరు చివర, గ్లూకోజు డబ్బాల దొంతర చాటున నిలబడి మాస్కు దించేది. "ఎట్లుంది తాతా?" అనేది. నిజం చెప్పేవాణ్ణి. "చీము తగ్గింది, ఎరుపు అట్లనే ఉంది" అని. ఒకసారి అంది, "గీ పట్నంల నా మొఖం సూసేది నువ్వొక్కనివే తాతా. హాస్టల్ల దుప్పటి కప్పుకుని పండుకుంట." నేను ఎండకు పూత సరిగ్గా రాస్తున్నావా అని అడిగాను. తను వెళ్ళాక చాలాసేపు ఆ గ్లూకోజు డబ్బాలు సర్దుతూ ఉండిపోయాను. ఈ నగరంలో నా ముఖం సరిగ్గా చూసేది కూడా ఆ పిల్లే కదా అనిపించింది.

అయిదో వారం వచ్చేసరికి డాక్టరమ్మ చెప్పినట్టే అయింది. ముఖమంతా ఒక్కసారిగా పొంగింది. కళ్ళ కింద కూడా వాపు. ఆ రోజు రెండింటికి కాదు, పొద్దున రద్దీలో వచ్చింది. జనాన్ని పట్టించుకోలేదు.

"తాతా, ఒక్క ట్యూబియ్యి."

"వొద్దు బిడ్డా. మేడం చెప్పింది గదా, ఇంకో మూడు వారాలు ఓర్సుకో."

"ఒక్కటే. అద్దం సూస్తె భయమైతాంది. గ్రౌండుకు పోక నాలుగు రోజులైంది. గిట్లయితె పరుగుకే పోను."

"ఇయ్య."

కళ్ళు తుడుచుకుంది. గొంతు మారింది. "మరి అప్పుడెట్ల ఇచ్చినవ్?"

కౌంటరు మీద చేతులు పెట్టి నిలబడ్డాను.

"గా దినం కూడ ఇయ్య అంటే అయిపోవు గదా. డాక్టర్ కాడ నీ పేరు దాసిన. నువ్వు నాకు తాతవు కావు, దుకాణపోనివి" అంది, మాస్కు లాక్కుని జనంలోంచి తోసుకుంటూ వెళ్ళిపోయింది.

షాపు యజమాని గల్లా దగ్గర కూర్చుని అంతా చూశాడు. ఆయన్ని అందరం పటేలా అని పిలిచేవాళ్ళం. ఆ చుట్టుపక్కల నేల ఒకప్పుడు వాళ్ళ తాతల జొన్నచేను. "ఏందయ్యా పెద్దమనిషీ, గిరాకీని ఎల్లగొడుతున్నవ్? నువ్వియ్యకుంటె పక్క షాపోడు ఇయ్యడా?" అన్నాడు.

"ఇస్తడు పటేలా. గందుకే భయం."

"నీ భయం గదిల పెట్టుకో, కౌంటర్ మీద కాదు."

ఆ పిల్ల మళ్ళీ రాలేదు. రెండింటికి స్తంభం వైపు చూసేవాణ్ణి. పక్క షాపులో కొనుక్కుందో, దుప్పటి కప్పుకుని ఓర్చుకుందో, ఊరికి వెళ్ళిపోయిందో తెలియలేదు. పేరు తెలుసు, హాస్టలు తెలుసు, వెళ్ళి అడగొచ్చు. ఆడపిల్లల హాస్టలు గేటు ముందు నిలబడి నేనేమని చెప్పుకోను, తాతననా, దుకాణపోణ్ణనా?

అప్పుడు మొదలుపెట్టాను చీటీలు రాయడం. గదిలో కూర్చుని, నోటు పుస్తకం కాగితాలు నాలుగు ముక్కలు చేసి, ఒక్కోదాని మీద ఇలా రాసేవాణ్ణి:

"ఈ ట్యూబు మొటిమల మందు కాదు. మూడు రోజుల్లో ముఖం తేటబడుతుంది, అదే దీని మోసం. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, ఎండకు మండుతుంది, ఆపగానే మొటిమలు ఎక్కువవుతాయి. ఇప్పటికే రాస్తుంటే సొంత వైద్యం చేసుకోకుండా చర్మం డాక్టరుకు చూపించండి. సర్కారు దవాఖానలో కూడా చూస్తారు. ఆపాక రెండు నెలలు కష్టంగా ఉంటుంది. తర్వాత తగ్గుతుంది. సిగ్గు పడాల్సిన జబ్బు కాదు."

నాకు తెలిసిందంతా రాశాననే అనుకున్నాను. ప్రతి ట్యూబు చుట్టూ ఒక చీటీ చుట్టి రబ్బరు బ్యాండు వేసేవాణ్ణి. చదివి సగం మంది ట్యూబు వెనక్కి ఇచ్చేవాళ్ళు. మా కోస్తా ఆయన తల పట్టుకున్నాడు. "గురువుగారూ, ఇదేం వ్యాపారమండీ? హోటల్లో ఇడ్లీ చేతికిచ్చి, తింటే చస్తారని చెప్పినట్టుంది."

"పాడైన ఇడ్లీ అయితే చెప్పాలె గదయ్యా."

పటేలు ఒక చీటీ విప్పి చదివాడు. అరవలేదు. మర్నాటి నుంచి నన్ను వెనక గదికి, సరుకు విప్పే పనికి పంపాడు. కిటికీ లేని గది, ట్యూబులైటు, అట్టపెట్టెలు. "వయసైంది గదా, కూసోని పని చేస్కో" అన్నాడు, అందరికీ వినబడేటట్టు. ముందున్న కౌంటరు మాటలు గోడకు అవతల గుసగుసలా వినబడేవి. ఎవరో "మొఖానికి" అనేవాళ్ళు, సొరుగు తెరుచుకునే చప్పుడు వచ్చేది. టీ వేళ మా కోస్తా ఆయన కూడా రావడం తగ్గించాడు. పటేలుకు కోపం వస్తుందని భయం. ఆయన తప్పు కాదు, ఇంట్లో చదువుకునే పిల్లలున్నారు. రోజుకు నేను మాట్లాడే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. డబ్బాలు విప్పే పని మాత్రం ఇంకా నాదే. కానీ కాగితాలు పారేయడం మానేశాను. ఒక సంచిలో వేసి పెట్టేవాణ్ణి, ఎవరికోసమో తెలియకుండానే.

ఏడాది పైన అయింది. ఇక చాలు, వచ్చే నెల నుంచి రానని పటేలుకు చెప్పేశాను. ఆయనా ఆగమనలేదు. అలాంటి ఒక మధ్యాహ్నం, ముందు నుంచి మా కోస్తా ఆయన కేక. "గురువుగారూ! రండి రండి, మీకు ఉత్తరమొచ్చింది!"

వెళ్ళాను. కౌంటరు ముందు ఒక కొత్త పిల్ల, చెంప మీద చెయ్యి. మా ఆయన చేతిలో ఒక జిరాక్సు కాగితం, నాలుగు మూలలా టేపు ముక్కలు. పటేలు గల్లా దగ్గరున్నాడు, ఇంకో ఇద్దరు గిరాకీలున్నారు. మా ఆయన వార్తలు చదివే గొంతు పెట్టాడు. "వినండి, గురువుగారి శాసనం! ఈ ట్యూబు మొటిమల మందు కాదు. మూడు రోజుల్లో ముఖం తేటబడుతుంది..." నా చీటీ, నా చేతిరాతే. నవ్వుతూ, చెయ్యి ఊపుతూ చివరిదాకా వచ్చాడు. సిగ్గు పడాల్సిన జబ్బు కాదు అన్నాక, కింద ఇంకా ఏదో ఉన్నట్టుంది. చదవబోయి ఆగాడు. నవ్వు పోయింది. కాగితం మెల్లగా నా ముందు పెట్టి, ఏదో వెతుకుతున్నట్టు బీరువా వైపు తిరిగాడు. ఇరవై ఏళ్ళలో ఆ మనిషి నాకు చేసిన పెద్ద మర్యాద అది.

నా రాత కింద ఇంకో రాత. అదీ జిరాక్సే, కానీ చెయ్యి వేరు. గుండ్రటి అక్షరాలు.

"గీ చీటీ రాసినాయనే నాకు గా ట్యూబు ఇచ్చిండు. ఆయనకు ఎరుకై ఇచ్చిండు. గందుకే ఈ మాట నమ్మున్రి. నేను మూడు నెలలు ఓర్సుకున్న."

కొత్త పిల్ల చెప్పింది, "మా హాస్టల్ల ప్రతి బాత్రూం అద్దం మీద గిది అతికిచ్చి ఉంటది. నాకంటె ముందున్న అక్క, ఎవలో తెచ్చిన ట్యూబుకు సుట్టున్న చీటీ జిరాక్సు తీసి పెట్టింది."

"ఆ అక్క పరుగుకు పోయిందా?" నేను అడిగాను.

"పోయింది. మాస్కు లేకుండనే ఉరికిందట. మొఖం ఇంక ఎర్రగనే ఉండెనట గని, లోపలికి పంపిన్రట. పరుగుల పాసైంది, ఆఖరు రాతపరీక్షల పోయింది. గిప్పుడు ఊర్లనే ఉంది." తర్వాత నా చెంపల గుంటల వైపు, కాగితం వైపు చూసింది. "గిది రాసినాయన మీరేనా?"

"నేనే."

"మరి గా ట్యూబు ఇచ్చినాయన?"

పటేలు తలెత్తాడు. గిరాకీలు ఇద్దరూ చూస్తున్నారు. డాక్టరమ్మ ముందు నోరు మెదపని మనిషిని, ఆ రోజు నన్ను కాపాడిన పిల్ల ఈ రోజు లేదు.

"అది కూడ నేనే" అన్నాను. "డబ్బాలున్న కాగితం చదివే, ఇచ్చిన."

పిల్ల కాగితం తన వైపు లాక్కుంది. "అయితె నన్నేం కొనమంటరు?"

"ఈడ ఏం కొనకు బిడ్డా. ఎల్.బి.నగర్ల ఒక మేడం ఉంది, తక్కువ మందులు రాస్తది. అడ్రస్ రాసిస్త." రాసిచ్చాను. పటేలు నన్ను ఆపలేదు. ఎలాగూ పోయేవాడినని ఊరుకున్నాడేమో.

ఆ జిరాక్సు కాగితం నా దగ్గర ఉంచుకోవచ్చా అని అడిగాను. పిల్ల మొహమాటపడింది. "మూడో అంతస్తుదండి ఇది. మళ్ల అతికియ్యాలె. లేకుంటె అక్కలు తిడతరు" అంది. టేపు ముక్కలు ఊడిపోకుండా జాగ్రత్తగా మడిచి, పుస్తకంలో పెట్టుకుని, రోడ్డు దాటి, స్తంభం పక్క నుంచి వెళ్ళిపోయింది.

అందుకని అది నా దగ్గర లేదు. గదిలో గోడకు ఒక అద్దం ఉంది, గడ్డం గీసుకోవడానికి తప్ప దాన్నెప్పుడూ చూడను. నన్ను తాత అన్న పిల్ల రాసిన నాలుగు వాక్యాలు ఒక్క అక్షరం పోకుండా గుర్తున్నాయి కాబట్టి, నా కాగితాల సంచి పక్కన కూర్చుని ఇక్కడ రాసి పెట్టాను. నా చీటీలో నేను వదిలేసింది అదొక్కటే.